చెవి పెట్టి వినండి: తెగని సీడీ, తెగిన పాట

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు ఎక్కువగా గుడి మైకు ఎందుకు కూత పెడుతోంది, పాత టేపు రికార్డరుకు బెల్టు ఎక్కడ దొరుకుతుంది లాంటివి. ఈసారి వనపర్తి ఉత్తరం చదివి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ అమ్మాయి చెప్పిన తప్పును 2001లో నేను స్వయంగా, పైగా డబ్బులు తీసుకుని మరీ చేశాను. అందుకే ఈ సంచికలో జాగా అంతా దానికీ, దాని చుట్టాలైన మరికొన్ని ప్రశ్నలకూ ఇచ్చేశాను. గుడి మైకుల వాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: సార్, మా మేనమామ అమెరికా నుంచి తెచ్చుకున్న సీడీల్లో 'ట్రాన్స్‌పోర్ట్' అని ఒకటి ఉంది. అట్ట మీద పాల్ ఓకెన్‌ఫోల్డ్ అనే పేరుంది. కంప్యూటర్లో ఎంపీ3లుగా మార్చి ఫోనులో వేసుకున్నాను. ప్రతి పాటా ఉన్నట్టుండి తెగిపోతోంది, తర్వాతిది మధ్యలోంచి మొదలవుతోంది. సీడీ పాడైపోయిందా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: సీడీ నిక్షేపంగా ఉందమ్మా. అది పాటల సంకలనం కాదు, మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే పాట. వనపర్తి నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే దారిలో కిలోమీటరు రాళ్లు ఉంటాయి. రాయి ఉన్న చోటల్లా రోడ్డు తెగదు కదా. ఆ సీడీలో ఒకటి, రెండు, మూడు అనే అంకెలు అలాంటి రాళ్లే. కింద శబ్దం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మీ కంప్యూటరు రాయి ఉన్న చోటల్లా రోడ్డును కోసి మీ చేతికిచ్చింది.

ఇది 1998లో వచ్చిన ఆల్బమ్. ట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ నాట్య సంగీతం ఐరోపాలో ఉచ్చస్థితికి చేరుతున్న రోజులవి. ఓకెన్‌ఫోల్డ్ లండన్‌లో పుట్టిన డీజే. 'గ్రీస్ 2000', '1998', 'గేమ్‌మాస్టర్' లాంటి, అప్పట్లో క్లబ్బులను ఊపేసిన ట్రాకులను తీసుకుని, ఒకదాని తోకలో ఇంకొకదాని తల కలిపి, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా నడిపించాడు. ఇలాంటి వాటిని డీజే మిక్స్ ఆల్బమ్ అంటారు.

ఇక నా తప్పు సంగతి. అప్పుడు నల్లగొండలో గడియారం సెంటరుకు కూతవేటు దూరంలో నాకు రికార్డింగ్ షాపు ఉండేది. ఎనిమిదడుగుల గది, రెండు డబుల్ డెక్కులు, ఒక సీడీ ప్లేయరు, గోడ నిండా క్యాసెట్లు. జనం తెల్ల కాగితం మీద పన్నెండు పాటలు రాసిచ్చి, సాయంత్రం వచ్చి క్యాసెట్ తీసుకెళ్లేవారు. (కాపీ హక్కుల సంగతి ఎత్తకండి. ఆ మాట నా షాపు దాకా వచ్చినా విననట్టే ఉండేవాణ్ణి.) నా పనికి ఒక పేరుండేది. పాటకూ పాటకూ మధ్య సరిగ్గా నాలుగు సెకన్ల నిశ్శబ్దం. పాజ్ బటన్ మీద బొటనవేలు పెట్టి మనసులో లెక్కపెట్టేవాణ్ణి. పక్క షాపు కాపీల్లో పాట తోక తెగేది, నా దగ్గర తెగేది కాదు.

ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఇదే సీడీ పట్టుకొచ్చాడు. ఎవరో బంధువు పంపారట. అతని గదిలో సీడీ ప్లేయరు లేదు, వాక్‌మన్ ఉంది. "అన్నా, తొంభై క్యాసెట్‌లోకి ఎక్కించు, కాస్త జాగ్రత్తగా" అన్నాడు. పెట్టి చూస్తే పాటల మధ్య ఖాళీయే లేదు. తయారు చేసినవాడు మరిచిపోయాడనుకున్నాను. ఆ లోపం నేను దిద్దుదామని, ప్రతి పాట చివరా వాల్యూం మెల్లగా దించి, నాలుగు సెకన్లు ఆపి, తర్వాతి పాటను మెల్లగా లేపాను. శ్రమ పడ్డాను కదా అని మామూలు ధర మీద అయిదు రూపాయలు ఎక్కువే తీసుకున్నాను.

మర్నాడు నేను షట్టరు ఎత్తే సరికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. వాక్‌మన్ హెడ్‌ఫోను నా చెవులకు తగిలించి, "ఇక్కడ విను అన్నా" అన్నాడు. నా నాలుగు సెకన్లు వినిపించాయి. "ఇప్పుడు సీడీలో అదే చోటు పెట్టు" అన్నాడు. పెట్టాను. పాత పాటలో అడుగు మోత సన్నబడుతోంది. దాని కింద నుంచి ఇంకెక్కడిదో తాళం చప్పుడు చిన్నగా కలిసింది. దాదాపు నిమిషం సేపు రెండూ ఒకే కాలి మీద నడిచాయి. ఆ తర్వాత చూసుకుంటే నేను వింటున్నది కొత్త పాట. పాతది ఏ క్షణాన వెళ్లిపోయిందో పట్టుకుందామని మూడుసార్లు వెనక్కి తిప్పాను. దొరకలేదు. డబ్బు పూర్తిగా వాపసు ఇచ్చి, ఉచితంగా మళ్లీ ఎక్కిస్తానన్నాను.

రెండోసారీ దెబ్బ తిన్నాను. తొంభై క్యాసెట్‌కు ఒక్కో వైపు 45 నిమిషాలు. ఈసారి ఎక్కడా ఆపకుండా ఎక్కించాను. సరిగ్గా డోలు ఆగిపోయి, తీగల మోత పైపైకి లేస్తూ, ఇదిగో ఇప్పుడు దెబ్బ పడబోతోంది అనగా టేపు అయిపోయి టక్కున బటన్ ఎగిరింది. కుర్రాడు ఈసారి పడీపడీ నవ్వాడు. "తుమ్ము రాబోయి ఆగినట్టుంది అన్నా" అన్నాడు. మూడోసారి ఇద్దరం పక్కపక్కన కూర్చుని మొదటి నుంచి విన్నాం. కొత్త పాట వచ్చి కుదురుకున్నాక, ఇంకా ఎత్తు ఎక్కకముందు ఒక చోటు చూసి వైపు మార్చాం. అంతసేపూ ఒక్క గిరాకీకి కూడా సరిగా జవాబు చెప్పినట్టు గుర్తులేదు.

మీ సీడీకి వైద్యం సులభం. మొత్తాన్ని ముక్కలు చేయకుండా ఒకే ఫైలుగా తీయండి. కంప్యూటర్లో సీడీని కాపీ చేసే ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ వీలు ఉంది. ముక్కలుగానే కావాలంటే ఎంపీ3 బదులు, శబ్దంలో ఏమీ పారేయని ఫ్లాక్ పద్ధతిలో తీయండి, ఫోను ప్లేయరులో 'గ్యాప్‌లెస్' అనే మీట ఉంటే వేయండి. ఎంపీ3తో చిక్కు ఏమిటంటే, అది శబ్దాన్ని 1,152 నమూనాల మూటలుగా కడుతుంది. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. పాట పొడవు ఆ మూటలకు సరిగ్గా సరిపోదు. చివరి మానిక నిండకపోతే పొట్టు పోసి నింపినట్టు, అది నిశ్శబ్దం పోసి నింపుతుంది. మొదట్లోనూ కొంత చేరుస్తుంది. మామూలు సినిమా పాటలో ఇది ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం అడుగు తడబడుతుంది. పాటల వరసను కలగలిపే మీటను మాత్రం ఈ ఆల్బమ్ దరిదాపులకు రానివ్వకండి.

ప్రశ్న: తమ్ముడూ, నేను రైసు మిల్లులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా మనవడు కూడా ఇలాంటివే వింటాడు. బాణీ కట్టింది ఎవరో, వాయించింది ఎవరో. ఈ డీజే అనే ఆయన ఏమీ చేయకుండా అట్ట మీద తన పేరు వేసుకోవడం ఎలా కుదురుతుంది?
– ఒక పెద్దాయన, మిర్యాలగూడ

జవాబు: అన్నా, మీ ఊరి చుట్టుపక్కల అఖండ భజన చూసే ఉంటారు. ఏకాహమంటే 24 గంటలు, సప్తాహమంటే ఏడు రోజులు. నామం ఆగకూడదు, తాళం పడిపోకూడదు. మనుషులు మాత్రం అలసిపోతారు, జట్టు మారాలి. మారేటప్పుడు గమనించారా? కొత్త జట్టు నాయకుడు వచ్చి పక్కన నిలబడతాడు. చిడతలు వెంటనే మోగించడు. ముందు తొడ మీద వేలితో తాళం కొలుస్తాడు. అది ఒంట పట్టాక చిన్నగా చిడతలు కలుపుతాడు. రెండు జట్లూ కలిసి నాలుగు చుట్లు తిరుగుతాయి. అప్పుడు పాత నాయకుడు కళ్లతో సైగ చేసి, తన వాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తాడు. కళ్లు మూసుకుని కూర్చున్న భక్తుడికి జట్టు మారిన సంగతే తెలియదు. ఆ అతుకు సరిగా పడిన ఊళ్లో నాయకుడికి పేరు వస్తుంది. కీర్తన ఆయన రాసింది కాదు, అయినా వస్తుంది.

డీజే చేసేది అదే. ఆ కాలపు క్లబ్బుల్లో దాదాపు అందరూ వాడిన పనిముట్టు టెక్నిక్స్ కంపెనీ ఎస్ఎల్-1200 అనే రికార్డు ప్లేయరు. దాని పక్కన నిలువునా ఒక జారుడు మీట ఉంటుంది. వేగాన్ని అటు 8 శాతం, ఇటు 8 శాతం దాకా మార్చవచ్చు. ఒక పాట నిమిషానికి 132 దెబ్బలు, రెండోది 138 అనుకోండి. మొదటిదాన్ని నాలుగున్నర శాతం పెంచితే రెండూ కలుస్తాయి. చెప్పడానికి ఇంతే. 136కూ 137కూ తేడా ఒక్కటే కదా అని వదిలేస్తే, నిమిషం తిరిగేసరికి ఒకటి ఇంకొకదానికి ఒక పూర్తి దెబ్బ వెనకబడుతుంది. ఆ మధ్యలో వినిపించే చప్పుడు మెట్ల మీద నుంచి బిందె దొర్లినట్టుంటుంది. అందుకే ఒక చెవికి హెడ్‌ఫోను, రెండో చెవి హాలుకు అప్పగించి, వేలి కొసతో రికార్డు అంచును తాకుతూ సర్దుతూ ఉంటారు.

ఇంకో చిక్కు ఉంది. వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. ఆరు శాతం పెంచితే దాదాపు ఒక అర స్వరం పైకి పోతుంది. కాబట్టి తాళం కలిసినంత మాత్రాన సరిపోదు, శ్రుతీ కలవాలి. అపస్వరం పడితే నాట్యం చేసేవాడికి కారణం తెలియకపోయినా ముఖం చిట్లిస్తాడు. పైగా ఏ పాట తర్వాత ఏది, ఎక్కడ జనాన్ని పైకి లేపాలి, ఎక్కడ కాస్త నీళ్లు తాగనివ్వాలి అనే లెక్క. ఆల్బమ్ అయితే ప్రతి పాట హక్కుదారు దగ్గరా అనుమతి తెచ్చుకోవాలి. నిజం చెప్పాలంటే, 1990ల చివరికి సీడీల కోసం అతికే పని కొంతమంది స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని చేసేవారు. అందులో నాకు తప్పేమీ కనిపించదు. కుట్టు మిషను మీద కుట్టినా చొక్కా చొక్కాయే. మీ మనవడి మీద అనుమానం మాత్రం తీసేయండి.

ప్రశ్న: ట్రాన్స్ అంటే పూనకమే కదా సార్. మన జాతరలో డప్పుకు వచ్చే పూనకమూ ఇదీ ఒకటేనా? ఇది గోవాలో పుట్టిందని మా స్నేహితుడు పందెం కాశాడు.
– దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పందెం సగం సగం పంచుకోండి. ఈ సంగీతం రూపు దిద్దుకున్నది 1990ల మొదట్లో జర్మనీలో, ముఖ్యంగా ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్బుల్లో. అదే కాలంలో గోవాలో, అంజునా లాంటి తీరాల్లో, తెల్లవార్లూ సాగే ఆటల్లో ఇంకొక పాయ పెరిగింది. దాన్ని గోవా ట్రాన్స్ అన్నారు. రెండూ ఒకదాన్నొకటి తాకుతూ వచ్చాయి. ఈ ఓకెన్‌ఫోల్డే 1994 డిసెంబరులో బీబీసీ రేడియోలో 'గోవా మిక్స్' అని రెండు గంటల కార్యక్రమం వినిపించాడు. 2000లో లండన్‌లో పుట్టిన అంజునాబీట్స్ అనే రికార్డు కంపెనీకి ఆ పేరు మన గోవా ఊరి పేరే.

పూనకం విషయానికొస్తే, పేరులో చుట్టరికం ఉంది, నడకలో లేదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరకు నేను సౌండు సెట్టు తీసుకుని వెళ్లేవాణ్ణి. భేరీలు, గజ్జెలు, "ఓ లింగా" అనే కేకలు. నా యాంప్లిఫయరు పక్కన నిలబడి చాలాసార్లు గమనించాను. వాయించేవాడి చూపు తోలు మీద ఉండదు, ఊగుతున్న మనిషి మీద ఉంటుంది. ఆ మనిషి భుజం కదిలిందంటే ఇక్కడ దరువు ఒక పిసరు పెరుగుతుంది. దరువు పెరిగిందని అక్కడ ఊపు పెరుగుతుంది. ఒకరినొకరు తరుముకుంటూ పోతారు.

ట్రాన్స్‌లో వేగం పెరగదు. ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడే గంటసేపు ఉంటుంది. ఆ బిగువు మరోలా తెస్తారు. డోలు తీసేస్తారు! పాట నడుమ అడుగు మోత మాయమై, తీగల స్వరాలు మాత్రమే తేలుతూ ఉంటాయి. వింటున్నవాడి కాలు మాత్రం ఆగిపోయిన ఆ దెబ్బను లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చివర్లో చిన్న డోలు గబగబా మోగి, మళ్లీ అసలు దెబ్బ పడుతుంది. ఇదంతా ఎనిమిది, పదహారు ఆవర్తాల లెక్కలో జరుగుతుంది. నిమిషానికి 137 దెబ్బల పాటలో పదహారు ఆవర్తాలంటే 64 దెబ్బలు, అంటే 28 సెకన్లు. ఒకసారి అలవాటైతే తిరిగి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలిసిపోతుంది. తెలిసినా ఒళ్లు జలదరిస్తుంది. నా క్యాసెట్ అయిపోయింది సరిగ్గా అక్కడే అని మళ్లీ గుర్తు చేయనక్కర్లేదనుకుంటాను.

ప్రశ్న: పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాను. ఈ పాటల్లో వందమంది వయొలిన్లు ఒకేసారి తీసినట్టు ఒక వెడల్పైన మోత వస్తుంది. నా కీబోర్డులో ఎంత వెతికినా దొరకడం లేదు.
– జడ్చర్ల

జవాబు: దాని పేరు సూపర్‌సా. రోలాండ్ కంపెనీ 1990ల నడుమ తెచ్చిన జేపీ-8000 అనే సింథసైజరులో మొదట వచ్చింది. రంపం పళ్ల ఆకారంలో ఉండే తరంగాలు ఏడు, ఒకే స్వరాన్ని ఒకేసారి పలుకుతాయి. కానీ ఒక్కోదాని శ్రుతిని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. ఏడుగురు సన్నాయి వాళ్లను వరసగా కూర్చోబెట్టి ఒకే షడ్జమం పట్టమనండి. ఎంత విద్వాంసులైనా కాస్త తేడా వస్తుంది, ఆ తేడాల్లోంచే నిండుదనం పుడుతుంది. మీ కీబోర్డులో ఆ పేరుతో లేకపోయినా, ఒకే స్వరాన్ని రెండు మూడు పొరలుగా పేర్చి, ఒక పొర శ్రుతిని అయిదారు సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి, ఇంకొకదాన్ని అంతే కిందికి జరిపి చూడండి. మరీ ఎక్కువ జరిపితే పెళ్లివారు బ్యాండు మేళం తాగి వచ్చిందనుకుంటారు.

ప్రశ్న: మా వీధిలో బరాత్‌కు వ్యాను మీద పెట్టి కిటికీలు అదిరేలా మోగించే డీజే, మీరు చెప్పే డీజే ఒకరేనా?
– ఒక గృహిణి, నారాయణపేట

జవాబు: పేరు ఒకటే, వృత్తులు వేరు. మన దగ్గర డీజే అంటే మనిషి కాదు, పెట్టెల దొంతర. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకరు వాడకూడదని 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు అని హద్దూ ఉంది. ఆ వ్యాను వాళ్లకు చెప్పి చూడండి. నేను చెప్పాను, నాకే ఒక చిన్న స్పీకరు అద్దెకిస్తామన్నారు.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రిళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇదే వింటాడు. ఇది మత్తుమందుల వాళ్ల సంగీతమని విన్నాను. భయంగా ఉంది.
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: ఐరోపా క్లబ్బుల్లో ఆ రోజుల్లో మత్తు బిళ్లలు తిరిగిన మాట నిజం, దాచడం ఎందుకు. అయితే ఇంట్లో మంచం మీద పడుకుని వినేవాడికి వాటితో సంబంధం లేదు. అతని చెవుల గురించి మాత్రం తప్పకుండా భయపడండి. 80 డెసిబెల్ల మోతలో వారానికి 40 గంటలకు మించి ఉండవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మోత పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. పక్కన కూర్చున్న మీకు కూడా ఆ చప్పుడు వినబడుతోందంటే, ఎక్కువ పెట్టుకున్నాడని లెక్క. నా ఎడమ చెవికి ఇప్పుడు గడియారం టిక్కు వినబడదు. జాతర స్పీకర్ల పుణ్యం.

ప్రశ్న: ఈ తరహా ఆల్బమ్‌లు ఇంకేమి వినవచ్చు సార్? వరస చెప్పండి.
– ఒక విద్యార్థి, కోదాడ

జవాబు: వరస చెప్పను, నాకు నచ్చినవి చెబుతాను. 1999, 2000 సంవత్సరాలు దీనికి పంట కాలం. ఏటీబీ అనే జర్మన్ కుర్రాడి '9 పీఎం' 1999లో బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అదే ఏడు మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అనే లండన్ క్లబ్బు వాళ్ల 'ట్రాన్స్ నేషన్'ను ఫెర్రీ కోర్‌స్టెన్ కలిపాడు. ఊపు కావాలంటే అది. నాకు మాత్రం కాస్త ఎక్కువ తీపి. టియెస్టో అనే డచ్ డీజే 1999లో మొదలుపెట్టిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ సన్‌రైజ్' వరసలో మొదటివి రెండు వినండి, తెల్లవారుజామున బస్సు కిటికీ పక్కన కూర్చుని. ఈయనే 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశదేశాల క్రీడాకారులు నడిచి వస్తుంటే వాయించాడు. ఆర్మిన్ వాన్ బ్యూరెన్ అనే ఇంకో డచ్ డీజే 2001లో మొదలుపెట్టిన వారం వారం రేడియో కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. అయితే అన్నింటికన్నా ముందు, వనపర్తి అమ్మాయి అడిగిన ఆ 'ట్రాన్స్‌పోర్ట్' వినండి.

ఆ కుర్రాడికి మూడోసారి ఎక్కించినప్పుడు నాకోసం ఇంకో కాపీ తీసుకున్నాను. ఆ క్యాసెట్ ఇంకా ఉంది. మొదటి వైపు నాలుగైదు చోట్ల టేపు నలిగి, శ్రుతి నీళ్లలో మునిగి తేలినట్టు వినిపిస్తుంది. రెండో వైపు బాగానే ఉంది. లేబులు మీద నా చేతిరాతతో 'పాటల మధ్య ఖాళీ లేదు, అలాగే ఉండాలి' అని రాసి ఉంది. షాపులో ఆ రోజుల్లో పని చేసిన పిల్లవాడు మళ్లీ దిద్దుతాడేమోనని రాసిపెట్టాను.